బొట్టు పెట్టిన సీలు

26 సెప్టెంబరు 2025

చండీగఢ్‌లో ఇవాళ మిగ్-21లకు వీడ్కోలు చెప్పారు. రబ్బరు ప్రెస్సులు ఆపేసి షెడ్డులో అందరం నాన్న ఫోన్ చుట్టూ చేరి చూశాం. దిగిన విమానాల మీద రెండు పక్కల నుంచీ నీళ్లు చిమ్మారు.

"పెళ్లికొడుక్కి స్నానం చేయించినట్టు చేస్తన్నారే," అంది మా దగ్గర పనిచేసే ఆరోగ్యమ్మ.

"పెళ్లి కాదమ్మా, రిటైర్‌మెంటు," అన్నారు నాన్న.

"ఏదైతేనేం అండీ. మా ఆయన రిటైరైన రోజు చెంబుడు నీళ్లు పోసినోడు లేడు."

సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు. ఎయిర్‌ఫోర్స్‌లో చేరిన కొత్తల్లో వాటి మీదే పని నేర్చుకున్నాడు.

"ఏడ్చావేంట్రా హరీ?" అన్నారు నాన్న.

"దానిది మీ వయసు నాన్నా. రిటైరైతే మీరేమన్నా ఏడుస్తారా?"

"నేనెందుకు రిటైరవుతానురా!"

ఫోన్ నా చేతికొచ్చాక వాడి గొంతు మారింది. "వాటి చోట్లోకి ఏవొస్తాయే అంటే ఇదిగో అని చెప్పేవాడు లేడు. బయట కొందామంటే బేరానికే ఏళ్లు. ఇక్కడ చేద్దామంటే ఇంజను బయట్నుంచి రావాలి. అందాకా ఉన్నవాటినే తుడుచుకుంటూ కూర్చోవాలి మేం. మీ సీలు ఎంతవరకొచ్చింది?"

వచ్చేవారం పరీక్షకు పంపుతున్నామని చెప్పాను.

అన్నయ్య ఇప్పుడు చూసే విమానం పేరు ఇక్కడ రాయను. రాయొద్దన్నాడు. అదీ ఎప్పుడో బయట కొన్నదే. దాన్ని చేసిన దేశం చేయడం మానేసి చాలా కాలమైంది. పైలట్ తల మీద గాజు మూత ఉంటుంది. ఆ మూత అంచు చుట్టూ బూడిదరంగు రబ్బరు సీలు ఉంటుంది. పైకి వెళ్లాక లోపలి గాలి బయటికి పోకుండా ఆపేది అదే. ఆ సీలు పాడైతే విమానం కింద నిలబడిపోవాలి. కొత్తది ఓడలోనో విమానంలోనో ఎప్పుడొస్తుందో తెలియదు.

ఆ సీలు మేం చేస్తున్నాం. జగ్గయ్యపేటలో, రైసుమిల్లులకు రబ్బరు రోలర్లు చేసే మా షెడ్డులో. రబ్బరులో ఏది ఎంత కలపాలో తేల్చడానికి నాకు రెండేళ్లు పట్టింది.

రాసి చూసుకుంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

1 అక్టోబరు

ఆయుధ పూజ. నాన్న తెల్లవారకముందే బండి మీద వేదాద్రి వెళ్లొచ్చారు. అమ్మ చేసిచ్చిన కుంకుమ గిన్నె తీసుకుని అక్కణ్ణుంచే షెడ్డుకు వచ్చారు. మా కుంకుమ నీళ్లతో కాదు, నువ్వుల నూనెతో కలుపుతారు. అడుగున పసుపు రాసి, పైన కుంకుమ. నీళ్లతో పెడితే రబ్బరు మీద నిలవదు.

తాతయ్య నాటి పద్ధతి ఇది. కొత్త అచ్చులోంచి వచ్చిన మొదటి రోలరు వేదాద్రి నరసింహస్వామి పాదాల దగ్గర పెట్టి, బొట్టు పెట్టి, ఆ తర్వాతే అమ్మాలి. చందర్లపాడు మిల్లు ఆయన ఇప్పటికీ ఫోన్‌లో నాన్నతో, "బొట్టు పెట్టింది నాకే ఉంచండి ప్రసాదు గారూ," అంటాడు.

సీళ్లకు మాత్రం లేదు. ఆగస్టులో ఎయిర్‌ఫోర్స్ తరఫున పరిశీలనకు వచ్చిన వరప్రసాదరావు గారు నాన్నకు విడమరిచి చెప్పారు. గ్లౌజులు లేని చెయ్యి కూడా తగలకూడదని. నాన్న సరేనన్నారు. ఇవాళ ప్రెస్సులకు, తూకం మిషనుకు, గేటుకు, ఆఖరికి నా కాలిక్యులేటరుకు కూడా బొట్టు పెట్టారు. సీళ్ల గదికి తాళం వేసి ఉంది.

తాళంచెవులు నాన్న దగ్గరే ఉంటాయి.

3 అక్టోబరు

ఆరు సీళ్లూ ప్యాక్ చేశాను. మొదటి దాని మీద ఒకచోట లేత పసుపు ఛాయ. ట్యూబులైటు వల్ల కావచ్చు.

గదిలో పెట్రోలు వాసన. నాన్న బండి ఆ పక్కనే ఆపుతారు కదా.

12 అక్టోబరు

ఆదివారం. పేపర్లో మళ్లీ అదే చర్చ. యుద్ధవిమానాలు బయట కొనాలా, ఇక్కడే చేసుకోవాలా. ఒకాయన రాస్తే ఇంకొకాయన ఖండిస్తాడు. ఇద్దరివీ చదివాను. ఇద్దరూ బాగానే రాశారు.

కొనడం, చేయడం ఒకదానికొకటి ఎదురని నేనూ అనుకునేదాన్ని. ఈ సీలు మొదలుపెట్టాక అలా అనిపించడం లేదు. కొన్న విమానాన్ని నలభై ఏళ్లు ఎగరనివ్వాలంటే దాన్ని ముక్కముక్కగా ఇక్కడ మళ్లీ చేయాల్సిందే. సొంతంగా చేసిన విమానంలో కొన్న ముక్కలుంటాయి. ఏది ఎవరిది అని గీత గీసే చోటు ఎక్కడో నాకు తెలియదు.

ఇది అన్నయ్యతో అంటే, "నువ్విలాంటివి రాయడం తప్ప చెప్పవు కదా," అన్నాడు.

నిజమే. నందిగామ కాన్వెంటులో నా వ్యాసాలకు ఎప్పుడూ మొదటి మార్కే. తరగతి ముందు నిలబడి చదవమంటే మాత్రం గోడ చూస్తూ నిలబడేదాన్ని. చివరికి సిస్టరే చదివేది. ఎమ్మెస్సీ అయ్యాక హైదరాబాదులో ఇంటర్వ్యూలకు వెళ్లినా అదే జరిగింది. షెడ్డులో ఆ బాధ లేదు. రబ్బరుతో మాట్లాడక్కర్లేదు.

28 అక్టోబరు

తుఫాను. బస్సుల్లేవు, కరెంటు లేదు. చదువుకున్నాను.

6 నవంబరు

రిపోర్టు వచ్చింది.

ఐదు సీళ్లు అన్ని పరీక్షలకూ నిలిచాయి. మొదటిది ఫ్రేముకు అంటించి గాలి పెట్టగానే మూడుచోట్ల ఊడింది. ఊడిన చోట నూనె జాడ ఉందట. రబ్బరు మంచిదేనట. ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నాను.

కారణం రాసి పంపాలి. నాణ్యత చూసేదాన్ని నేనే కాబట్టి సంతకం నాది. డిసెంబరులో వరప్రసాదరావు గారు వచ్చి చూస్తారు. కారణం తేలకపోతే మాతో ఈ పని ఆపేసి, సీళ్లు ఎప్పటిలా విదేశం నుంచే తెప్పించుకుంటారు.

నూనె. పసుపు ఛాయ గురించి రిపోర్టులో లేదు. అది నేనే చూశాను. చూశానో లేదో కూడా ఇప్పుడు గట్టిగా చెప్పలేను.

7 నవంబరు

పొద్దున్న నాన్న ఆరోగ్యమ్మను పిలిచారు. అచ్చులోంచి వచ్చిన రోలర్ల, సీళ్ల అంచుల్లో మిగిలే సన్నటి రబ్బరును కత్తెరతో కోసేది ఆమే. మా దగ్గర ఆ పనికి ఆమె చెయ్యి తప్ప ఇంకో చెయ్యి లేదు.

"ఆరోగ్యమ్మా, నువ్వు తలకి కొబ్బరినూనె రాస్తావు కదా."

"రాస్తే ఏమైందండీ?"

"చేతికి అంటుంటుంది. చేతి నుంచి సీలుకి."

"గ్లౌజులేసుకుంటాను కదండీ. పొద్దుట్నుంచీ చేతులు ఉడికిపోతా ఉంటాయి."

"వేసుకునే ముందు అంటుంటుందేమో."

ఆమె కొంగు తీసి తల చూపించింది. "ఈ తలకి నూనె పడి ఎన్నాళ్లయిందో మా ఆయన్ని అడగండి. నూనె రేటు తెలుసా మీకు? మీరు కొట్లోకెళ్లి ఎన్నేళ్లయింది?"

అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. "కొన్నాళ్లు ఊడ్చే పని చూడు. ఆయనొచ్చి వెళ్లేదాకా," అన్నారు.

ఆమె కత్తెర నా బల్ల మీద పెట్టింది. నా వైపు చూసింది. నేను తూకం సరిచేస్తున్నాను.

నాన్న చెప్పిందే కారణం కావచ్చు. నాకు తెలియదు కదా.

9 నవంబరు

అమ్మ పప్పు రుబ్బుతూ మామూలుగా అంది. "ఆయుధ పూజ రోజు మీ నాన్న పొడుగ్గా ఏదో తువ్వాలులో చుట్టుకుని వేదాద్రి పట్టుకెళ్లారు. పాము పిల్లలా ఉంది. ఏంటండీ అంటే చెప్పలేదు."

"ఏ రంగు?"

"బూడిద రంగు. ఏం?"

ఏం లేదన్నాను.

ఇక తెలియదని రాయలేను. మొదటి సీలును నాన్న స్వామి దగ్గరికి తీసుకెళ్లారు. బొట్టు పెట్టారు. తర్వాత ఎవరికీ కనపడకుండా, రోలర్ల మీద మరకలు తుడిచినట్టే పెట్రోలు గుడ్డతో తుడిచారు. రోలరు రబ్బరుకు పెట్రోలు ఏమీ చేయదు. మా సీలు రబ్బరు పెట్రోలును పీల్చుకుంటుంది. దాంతోపాటే నూనెనూ లోపలికి తీసుకుంటుంది. ఆ నూనె ఉన్నచోట జిగురు పట్టదు.

నాన్నకు ఈ రసాయనం తెలియదు. ఆయన ఒక మంచి పని చేసి, దాన్ని శుభ్రంగా తుడిచాననుకుంటున్నారు. అందుకే నూనె అనగానే ఆరోగ్యమ్మ తల గుర్తొచ్చింది. అబద్ధం చెప్పలేదు ఆయన. తెలియక అన్నారు.

రేపు చెబుతాను.

10 నవంబరు

ఇవాళ మిల్లువాళ్లు వచ్చారు. కుదరలేదు.

12 నవంబరు

చెప్పేశాను.

సాయంత్రం షెడ్డు నుంచి ఇంటికి, నందిగామ వస్తుంటే, చిల్లకల్లు టోల్‌గేటు దాటాక, బండి మీద వెనక కూర్చుని ఆయన వీపుకు చెప్పాను. "నాన్నా, ఆ నూనె ఆరోగ్యమ్మది కాదు. మీరు పెట్టిన బొట్టుది."

సరిగ్గా అప్పుడే సిమెంటు లారీ పక్కనుంచి వెళ్లింది. నాన్న తల తిప్పలేదు. హెల్మెట్టు కూడా ఉంది. వినపడి ఉండదు.

కానీ చెప్పడమైతే చెప్పాను.

13 నవంబరు

చెప్పాను కదా.

17 నవంబరు

ఆరోగ్యమ్మ షెడ్డు ఊడుస్తూ నా బల్ల దగ్గరికి వచ్చి చీపురు ఆపింది.

"అమ్మాయిగారూ, కోసేవాళ్లు లేక రోలర్ల అంచులు ఎట్టా ఉన్నాయో చూశారా? ఎలకలు కొరికినట్టున్నాయి."

"చూశాను."

"నాన్నగారికి చెప్పరాదూ?"

"చెప్తా."

"మీరు చెప్తారా!" అని నవ్వింది. వెటకారంగా కాదు. కాన్వెంటులో సిస్టర్ కూడా అలాగే నవ్వేది.

కారణం రాయాల్సిన కాగితం సొరుగులోనే ఉంది. నాన్న రోజూ అడుగుతున్నారు. "పనివాళ్ల చేతి నూనె అని రెండు ముక్కలు రాసెయ్యవే. అంతకంటే ఏముంది?"

రాస్తున్నానంటున్నాను.

21 నవంబరు

దుబాయ్ ప్రదర్శనలో మన తేజస్ కూలిపోయింది. పైలట్ బతకలేదు.

అన్నయ్యకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

22 నవంబరు

అన్నయ్యే చేశాడు. వాడికి ఆ పైలట్ తెలియదు. తెలియకపోయినా బాధ అంతేనన్నాడు.

"ఏం జరిగిందట?" అన్నాను.

"తెలీదు. తేలేదాకా ఎవడూ నోరు తెరవకూడదు. టీవీల్లో అప్పుడే తీర్పులు చెప్పేస్తున్నారు చూడు, ఒళ్లు మండిపోతోంది. బయటవే కొనాలంటాడొకడు. ఇప్పుడా అవన్నీ? తేలాక మాత్రం నోరు మూసుకోకూడదు. మాకు రెండూ రూలే."

"నీ విమానం?"

"రెండు నిలబడున్నాయి మూత సీలు లేక. మీది ఫెయిలైంది కదా, బయటికి రాశారు. వచ్చినప్పుడు వస్తుంది." తర్వాత మామూలు గొంతుతో చెప్పాడు. "పైలట్ ఎక్కేముందు నా సంతకం చూస్తాడు యశా. చిన్న కుర్రాడు, మొన్న మొన్ననే వచ్చాడు. నా మొహం కూడా సరిగా చూడడు. సంతకం చూసి ఎక్కేస్తాడు. వాడి ధైర్యమేంటో నాకర్థం కాదు. నేనెవర్నని?"

ఫోన్ పెట్టేశాక సొరుగులో కాగితం తీశాను. 'కారణం' అన్నచోట రాశాను. సంతకం పెట్టాను. మళ్లీ సొరుగులోనే పెట్టాను.

10 డిసెంబరు

ఇవాళ్టిది వరసగా రాయాలి.

గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీల మధ్య ఇరుక్కుని వరప్రసాదరావు గారు ఆలస్యంగా వచ్చారు. ఎయిర్‌ఫోర్స్‌లో చేసి రిటైరైన మనిషి. కాఫీ వద్దన్నారు, మజ్జిగ తాగారు. ఊడిన సీలు ఫోటోలు నా బల్ల మీద పరిచారు.

"ఏంటండీ కారణం?"

నాన్న నా వైపు చూశారు. నేను సొరుగు వైపు చూశాను. నాన్నే మొదలుపెట్టారు. "ఏం లేదు సార్. మా దగ్గర అంచులు కోసే మనిషుంది. పాపం మంచిదే. పని బాగా చేస్తుంది. కాకపోతే తలకి నూనె..."

ఆరోగ్యమ్మ గుమ్మంలో చీపురుతో నిలబడి ఉంది. తల దించుకోలేదు. నాన్న మాట ఎక్కడిదాకా వెళుతుందో చూస్తోంది.

"కాదండి."

ఆ గొంతు నాదేనని కాస్త ఆలస్యంగా తెలిసింది.

"ఏమ్మా?"

"బొట్టు అండి. మొదటి సీలుకి బొట్టు పెట్టారు. నూనెలో కలిపిన కుంకుమ. తర్వాత పెట్రోలుతో తుడిచారు. పసుపు మరక నేను చూశాను. చూసి కూడా ప్యాక్ చేశాను."

"ఎవరు పెట్టారు?"

గోడ చూశాను. సీలింగ్ ఫ్యాన్ చప్పుడు. ఆయన పెన్ను మూత తీసి ఎదురుచూశారు.

"నేనేనండి," అన్నారు నాన్న. "మా నాన్నగారి రోజుల్నుంచీ పెడుతున్నాం. పెట్టకుండా పంపితే ఏమవుతుందోనని... మా వాడు ఆ విమానాల దగ్గరే ఉంటాడు సార్. దాని మీద ఎవడో తల్లి బిడ్డ కూర్చుంటాడు. బొట్టు లేకుండా ఎట్టా పంపను?"

వరప్రసాదరావు గారు కోప్పడతారనుకున్నాను. పెన్ను మూత పెట్టి అడిగారు. "ఎక్కడెక్కడ పెట్టారు?"

నాన్న వేలితో చూపించారు. మధ్యలో ఒకటి, రెండు చివర్లా రెండు. ఫోటోలో ఊడిన చోట్లు అవే.

"మళ్లీ పెట్టండి."

"ఏంటండీ?"

"ఆ రోజు ఎలా పెట్టారో అలాగే. వేరే ముక్కకి. నాకు చూడాలి."

షెడ్డులో దేవుడి పటం దగ్గర పసుపు, కుంకుమ, దీపం నూనె ఉన్నాయి. పెట్రోలు బండిలోంచి తీశారు. నాన్న చెప్పులు విప్పారు. పరీక్షకు కూడా చెప్పులతో బొట్టు పెట్టలేకపోయారు. పెట్టి, తుడిచి, బొట్టు లేని ముక్క పక్కనే ఇనుప పలక మీద అంటించారు. జిగురు పట్టడానికి రేపటిదాకా ఆగాలి. వరప్రసాదరావు గారు ఊళ్లోనే లాడ్జిలో ఉన్నారు.

11 డిసెంబరు

"మీరే లాగండి," అన్నారాయన నాన్నతో.

బొట్టు లేని ముక్కను నాన్న రెండు చేతులా లాగారు. రబ్బరు చిరిగింది గాని జిగురు వదల్లేదు. బొట్టు పెట్టిన ముక్కను రెండు వేళ్లతో పట్టుకున్నారు. అరటితొక్కలా వచ్చేసింది.

నాన్న ఆ ముక్కను చేతిలో పట్టుకుని తిప్పి చూశారు. అరచేతిలో పెట్టుకుని కూర్చుండిపోయారు.

"చూడండి ప్రసాదు గారూ," అన్నారు వరప్రసాదరావు గారు నాన్నతో. "కొత్త విమానాలొచ్చిన రోజు మా వాళ్లూ నిమ్మకాయలు పెడతారు. చక్రాల కింద పెడతారండి. ఇంజన్లో పెట్టరు."

ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వించడానికి అన్నట్టు లేదు.

ఈ లాటు ఆరూ రద్దు. ఈ ఏడాదికి కావలసినవి విదేశం నుంచే తెప్పిస్తారు. మేం మళ్లీ మొదటి నుంచి చేసి పంపుకోవచ్చు. పేరు తీసేయడం లేదు. వెళ్లేముందు సొరుగులోని కాగితం ఇచ్చాను. చదివారు.

"ఇది నవంబర్లోనే సంతకం చేశారే?"

"అవునండి."

"మరి పంపలేదేం?"

జవాబు ఉంది, కానీ అది చెప్పుకోదగ్గది కాదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "కారణం తెలిసి ఫెయిలైంది నన్ను భయపెట్టదమ్మా. ఎందుకు పాసైందో తెలియనిది భయపెడుతుంది. ఈసారి వెంటనే పంపండి."

15 డిసెంబరు

నాన్న మాట్లాడటం లేదు. కోపమో, సిగ్గో తెలియదు. అన్నం తింటారు, పేపరు చదువుతారు. అమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "తండ్రీ కూతుళ్లు మూగనోము పట్టారా ఏంటి? ఉద్యాపన ఎప్పుడో చెప్తే వంట చేసుకుంటా," అంది.

నేను చేసింది తప్పు కాదు. నాకు తెలుసు. అయినా పరాయి మనిషి ముందు, ఆరోగ్యమ్మ ముందు అన్నాను. ముందే ఇంట్లో చెప్పి ఉండాల్సింది. బండి మీద చెప్పాను కదా అనుకుంటే ఇప్పుడు చాలడం లేదు.

18 డిసెంబరు

నాన్న కత్తెర తీసుకెళ్లి ఆరోగ్యమ్మకు ఇచ్చారు. ఏమీ అనలేదు.

ఆమె కత్తెర అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏవండీ, నా తల ఎండిపోయిందా?"

నాన్న ప్రెస్సు వైపు వెళ్లిపోయారు. ఆయన వెళ్లాక ఆమె కత్తెరకు సాన పడుతూ, నాతో కాదన్నట్టు, "పది మందిలో అన్నారు. ఇచ్చేటప్పుడు మాత్రం మాట రాలేదు," అంది.

7 జనవరి 2026

నాన్న మాట్లాడారు.

"కొత్త లాటుకి ఏడు చేద్దాం. అచ్చులోంచి వచ్చిన మొదటిది వాళ్లకి పంపకు. అది నాది."

పద్ధతుల కాగితంలో రాశాను. 'ప్రతి అచ్చులో మొదటి సీలు పంపబడదు. వేరుగా ఉంచబడుతుంది.' ఎక్కడ ఉంచుతామో కూడా రాశాను, వేదాద్రి అని. వెంటనే పంపాను. వరప్రసాదరావు గారు చివరి వాక్యం కొట్టేసి, పక్కన రాసి పంపారు. 'ఎక్కడ పెట్టుకుంటారో మాకు అనవసరం. ఎక్కడికి పంపరో అదే కావాలి. మంచి పద్ధతి.'

నాన్నకు చూపించాను. రెండుసార్లు చదివారు.

24 జనవరి

అన్నయ్య. బయటి సీలు వచ్చిందట. బిగించాడు. నిన్న ఎగిరింది.

"ఎలా ఉంది?" అన్నాను. నాకు అసూయగా ఉంది. రబ్బరు మీద అసూయ.

"బాగుంది. వాళ్లకి నలభై ఏళ్ల అలవాటు కదే. మీది కూడా రానీ, దీనికంటే ఎక్కువ చూస్తా."

"ఎందుకు ఎక్కువ?"

"చెల్లెలు చేసింది కదా. వదిలేస్తాననుకుంటారు అందరూ."

11 ఫిబ్రవరి

కొత్త లాటు నిన్న వెళ్లింది. ఆరు. ఆరోగ్యమ్మ కోసింది, నేను ఒక్కొక్కటీ కిటికీ వెలుతురులో తిప్పి చూశాను. ట్యూబులైటు కింద చూడలేదు. ఏమవుతుందో తెలియదు. తెలిసేసరికి ఎండలు వస్తాయి.

ఏడోది, అంటే మొదటిది, తువ్వాలులో చుట్టుకుని ఇవాళ నాన్న, నేను వేదాద్రి వెళ్లాం. ఈసారి నన్ను రమ్మన్నారు. కృష్ణలో నీళ్లు తగ్గి రాళ్లు తేలాయి.

పూజారి గారు తువ్వాలు విప్పి చూశారు. "రోలరు కాదే ఇది?"

"విమానం మూతకి పెట్టేదండి."

"అబ్బో! అయితే స్వామి వారి బొట్టుతో ఎగురుతుందన్నమాట."

"లేదండి. ఇది ఎగరదు," అన్నారు నాన్న. "ఎగిరేవాటికి బొట్టు లేదు. అవి మా అమ్మాయి చూసి పంపింది."

పూజారి గారికి అర్థం కాలేదు. బొట్టు మాత్రం పెట్టారు. పెద్దదిగా, నూనె కారేట్టు. నాన్న తుడవలేదు.

తిరిగి వచ్చేటప్పుడు చిల్లకల్లు టోల్‌గేటు దాటాక నాన్న బండి పక్కకు తీసి ఆపారు. హెల్మెట్టు తీశారు.

"ఇక్కడే కదా, ఆ రోజు నువ్వు చెప్పింది."

"ఏ రోజు?" అన్నాను. తెలిసే అడిగాను.

"నాకు వినపడిందే."

నేను బండి దిగాను.

"వినపడింది. విని కూడా ఆమె చేత ఊడిపించా. ఆయన ముందు కూడా ఆమె పేరే చెప్పబోయా." హెల్మెట్టు లోపల ఏదో వెతుకుతున్నట్టు చూస్తున్నారు. "నా బొట్టు వల్ల ఊడిందంటే ఒప్పుకోబుద్ధి కాలేదు. అంతే. ఇంకేం లేదు."

హెల్మెట్టు ఆయన చేతిలోంచి తీసుకున్నాను.

"రేపు ఆరోగ్యమ్మకి చెప్పాలి," అన్నారు. "నువ్వు చెప్తావా?"

"మీరు చెప్పండి నాన్నా. పది మందిలో. నేను పక్కన ఉంటాను."

తల ఊపారు.

సిమెంటు లారీలు ఒకదాని వెనక ఒకటి వెళ్తూనే ఉన్నాయి. ఆ చప్పుడులోనూ ఆయన అన్న ప్రతి మాటా నాకు వినపడింది.